కొసరు నారు

ఆ ఆషాఢంలో మా అల్లుడు బసవరాజు మేడ మీది గదిలో మొలకలు పెడుతున్నాడని పరిగి అంతా గొప్పగా చెప్పుకున్నాను. ఎర్రమంచి దగ్గర కార్ల విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో అతని కాంట్రాక్టు ముగిసి, ఉగాది నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. ఇల్లరికం వచ్చిన మనిషి ఊరికే కూర్చుంటే అత్త నోరు మెదిపినా తప్పే, మెదపకపోయినా తప్పే. పైగా నా నోటి సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. అందుకే అతను బెంగళూరు నుంచి ప్లాస్టిక్ పైపులు, చిన్న మోటరు, ఊదారంగు లైట్లు మోసుకొచ్చి, "మట్టి లేకుండా నీళ్లలోనే ఆకుకూర పండిస్తానత్తా, ఆడ పెద్ద హోటళ్లోళ్లు కొంటారు" అన్నప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

మాది నారు అమ్ముకుని బతికే ఇల్లు. రోడ్డు పక్కన పచ్చ నెట్టు కింద టమోటా, మిరప, బంతి నారు ట్రేలలో పెంచుతాం. మా ఆయన చంద్రశేఖర్ బేరాలు చూస్తాడు, నారు నేను చూస్తాను. ఒక్కగానొక్క కూతురు చందన హిందూపురంలో ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇన్నాళ్లూ మా పని వైపు కన్నెత్తి చూడని అల్లుడు వచ్చి నన్నే సందేహాలు అడుగుతుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

"అత్తా, మొలకలు సన్నగా సాగిపోతాండాయి. ఏం చేసేది?"

"వెలుతురు చాల్లేదప్పా. లైటు కిందికి దించు. నీళ్లు తగ్గించు, లేకుంటే మొదలు కుళ్లుతాది."

మర్నాడు వచ్చి నువ్వు చెప్పినట్టే చేశాను, నిలబడ్డాయి అన్నాడు. గదిలోకి మాత్రం ఎవరినీ రానిచ్చేవాడు కాదు. విదేశీ విత్తనమట, బయటి గాలి తగిలితే జబ్బు పడుతుందట. నేనూ నమ్మాను. మా నెట్టు కిందికి చెప్పులతో ఎవరైనా వస్తే నేను మాత్రం ఊరుకుంటానా? పైగా అల్లుడి గది తలుపు తట్టడం మర్యాద కాదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

నారు కొన్నవాళ్లకు కొసరు ఇచ్చేది మా అత్త యల్లక్క. గేటు పక్కన నులకమంచం మీద కూర్చుని, బేరం ముగిసిన ప్రతి రైతుకూ తన చేత్తో నాలుగు మొక్కలు ఎక్కువ పెట్టి పంపుతుంది. బిల్లు రాసేది మా ఆయన, కొసరు మాత్రం ఆమె ఇష్టం. ఆమె చేతి మొక్క చావదని రైతులకు నమ్మకం. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను మబ్బు. అయినా ఆ పని ఇంకొకరికి వదలదు. ఎవరికి ఎంత ఇచ్చిందో రాసి పెట్టుకునే అలవాటు మాకు లేదు. కొసరు రాసుకుంటే అది కొసరే కాదంటుంది.

శ్రావణం మొదట్లో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు ఇవాళ, రేపు అంటూనే రాలేదు. దసరా పూలకోసం బంతి నాటే రోజులు కావడంతో ఆ ఉదయం నెట్టు కింద రైతులు కిటకిటలాడుతున్నారు. బసవరాజు బ్యాటరీ తెస్తానని హిందూపురం వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, బండి దిగీ దిగకముందే నెట్టు వెనక మూలకు పరుగెత్తాడు.

"అత్తా, ఈ మూల ఒక ట్రే పెట్టింటి. యాడ?"

"నీ ట్రే ఈడికెందుకు వచ్చింది?"

"పైన వెలుతురు లేక వాడిపోతాంటే పొద్దున దించి బంతినారు వెనకాల పెట్టినా. కనపడకుండా ఉంటాదని."

"ఆకుకూర కనపడకుండా ఏమిటికి ఉండాల?"

వరసలన్నీ వెతికాడు, ఖాళీ ట్రేల గుట్ట కూలదోశాడు. చెమట ధారగా కారుతోంది. పోయిన కొత్తిమీరకు ఏ మగవాడూ అంత చెమట కార్చడు. నేను ఇంకేం మాట్లాడకుండా మెట్లెక్కాను. పొద్దున హడావుడిలో అతను గదికి తాళం వేయకుండా గడియ మాత్రం పెట్టి పోయాడు.

లోపల పైపుల నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్కో మొక్క. నారు చూసి నారు జాతి చెప్పగలిగినదాన్ని. ముందు బంతే అనుకున్నాను, ఆకు అంచున అవే రంపపు పళ్లు. దగ్గరికెళ్లి పెద్ద మొక్క ఆకు తిప్పి చూశాను. చేతి వేళ్లు విప్పినట్టు విడివిడిగా ఉంది. చందన స్కూలు గోడ మీద పోలీసులు అంటించిన పోస్టరులో, ఎర్రటి అడ్డగీత కింద, ఆ ఆకే ఉంటుంది. వెనక్కి వచ్చి గడప మీద కూర్చుండిపోయాను.

బసవరాజు వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఇదేనా నీ ఆకుకూర?"

"మెల్లగ అత్తా, కింద మనుషులుండారు."

"ఒరేయ్" అన్నాను. పెళ్లయినప్పటినుంచి అప్పా అని తప్ప పిలవని నోటితో అన్నాను. "గంజాయి మొలకలకు నా చేత బుద్ధులు చెప్పించుకుంటివా?"

"బెంగళూరులో ఫ్రెండు ఇచ్చినాడు విత్తనం. ఇంట్లో పెంచితే ఎవురికీ తెల్దన్యాడు. ఒక్క పంట, అంతే. మీ ఇంట్లో ఊరికే తింటాండానని నాకు మాత్రం సిగ్గు ఉండదా? నా ముందర కంచం పెట్టేటప్పుడు నువ్వు చేసే చప్పుడు నాకు ఇనపడదనుకున్నావా?"

ఆ మాట నిజమే కాబట్టి సూటిగా తగిలింది. కానీ అప్పుడు నా కంచం గురించి ఆలోచించే తీరిక లేదు.

"నీ సిగ్గు తర్వాత చూస్తాంలే. ఆ ట్రే ఎవరి చేన్లో పడిందో వాని గతేంది? అది పెరిగితే పోలీసులు వాన్ని ఎత్తుకుపోతారా, నిన్నా?"

మా అత్త యల్లక్కను అడిగాం. గంజాయి మాట ఎత్తలేదు. వెనక మూల ట్రే ఎవరికిచ్చావు అని మాత్రమే అడిగాను.

"సోమందేపల్లి రామాంజనేయులికి" అంది ఏమాత్రం తడుముకోకుండా. "పోయిన తూరి వానకు పంటంతా కుళ్లిపోయిందని నా ముందర ఏడ్చినాడు బిడ్డ. మనసు ఉండబట్టక మొత్తం ట్రే ఇచ్చి పంపితి. ఏం, తప్పయిందా?"

"లేదులేత్తా" అన్నాను.

ఆ సాయంత్రం మా ఆయన వినవలసింది విని, మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. నేను నేరుగా రామాంజనేయులికి ఉన్నదున్నట్టు చెప్పేద్దామన్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నాడు ఆయన. "నాటుకున్న మొక్కలు వైరస్ అని చెప్పి పెరుక్కొని రాండి. పైనుండేవి ఈ రాత్రే కాల్చేయాల. చందనకు తెలియకూడదు." బసవరాజు బుద్ధిమంతుడిలా తలూపాడు. కూతురి ముఖం గుర్తొచ్చి నేనూ తలూపాను.

మర్నాడు అల్లుడి బండి వెనక కూర్చుని సోమందేపల్లి వెళ్లాను. హైవే దగ్గర పోలీసులు బండ్లు ఆపుతుంటే అతని వీపు బిగుసుకోవడం నాకు తెలిసింది. లైసెన్సు చూసి పంపించేశారు.

రామాంజనేయులు చేను రోడ్డుకు కాస్త లోపల. మనిషి బక్కగా, నవ్వితే మొహమంతా నవ్వే రకం. మేం అంతదూరం వెతుక్కుంటూ వచ్చినందుకు సంబరపడిపోయాడు.

"అవ్వ ఇచ్చిన నారు చూడక్కా! కొన్న నారు కంటే అదే ఏపుగా ఉండాది. సాలు మధ్యలో సందులు ఉన్న తావంతా అదే పెట్టినా."

ఒకచోట ఉంటాయనుకుంటే చేనంతా చల్లేశాడు. సాలు సాలుకూ వంగి వెతకడం మొదలుపెట్టాను. బసవరాజు అవతలి నుంచి వస్తున్నాడు. రామాంజనేయులు మా వెనకే తిరుగుతూ విలవిల్లాడాడు.

"బాగుండే మొక్కలే పెరుకుతాండావేమక్కా? ఒక్క ఆకైనా ముడుచుకోలేదే!"

"వైరస్ అన్నా. ముందు బాగానే కనపడతాది, తర్వాత చేనంతా పాకుతాది" అని బసవరాజు అందుకున్నాడు. నాలుక మీద తేనె పూసుకున్నట్టు ఎంత చక్కగా చెప్పాడో.

నిజం నా గొంతుదాకా వచ్చింది. రామాంజనేయులు భార్య చెంబుతో మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. దాన్ని తాగి నిజం కూడా మింగేశాను.

"ఇంకా యాడైనా పెట్టినావా?" అని మాత్రం రామాంజనేయుల్ని అడిగాను.

"లేదక్కా. అన్నీ ఈ చేన్లోనే."

పీకినవన్నీ సంచిలో కుక్కుకుని వచ్చి నర్సరీ వెనక కాల్చాం. పైనవి కూడా పీకేశానని బసవరాజు మా ఆయనకు చెప్పాడు. అబద్ధమేమోనని నాకు అనుమానం. కరెంటు వచ్చిన దగ్గరనుంచి మేడ మీద మోటరు సన్నగా కూస్తూనే ఉంది. అడిగితే, "ఉత్త నీళ్లే తిరుగుతాండాయత్తా, పైపులు శుభ్రం కావాల" అన్నాడు. నేను తలుపు తీయించి చూడలేదు. గండం గడిచిందని అనుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండిందంటే, చెవులు కూడా నమ్మకూడదని నిర్ణయించుకున్నాను.

వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి దాటాయి. వాన పడింది, బంతి చేలు పచ్చబడ్డాయి. నేను రోజూ సోమందేపల్లి వైపునుంచి వచ్చే ప్రతి మనిషి మొహంలోకి చూస్తూ గడిపాను. అప్పుడొక పొద్దున మా ఆయన ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. దాన్ని నా ముందు పెట్టాడు. బంతి రైతుల వాట్సాప్ గ్రూపులో రామాంజనేయులు ఒక ఫోటో పెట్టాడు. నీళ్ల కాలవ గట్టు మీద, అతని భార్య పక్కన, నడుమెత్తు పెరిగిన మొక్కలు. కింద అతని గొంతే రికార్డు చేసి ఉంది.

"అన్నలారా, ఇది ఏం రకం బంతి? ఇంత ఎత్తు పెరిగినాది, మొగ్గ రాలేదు. మా ఆడమనిషి గట్టు మీద పెట్టిందంట, నాకూ తెల్దు. ఎప్పుడు పూస్తాదో తెలిసినోళ్లు చెప్పండి."

ఎంత అమాయకులంటే, ఫోటోలో ఆ మొక్కల పక్కన భార్య నవ్వుతూ నిలబడి ఉంది. మా ఆయన రామాంజనేయులికి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఫోటో పెట్టింది రాత్రి. తెల్లారేసరికి ఎవరో పోలీసులకు పంపించారు. అతన్ని పొద్దున్నే సోమందేపల్లి స్టేషనుకు తీసుకుపోయారని, రేపు పెనుకొండ కోర్టులో పెడతారని గ్రూపులోనే ఇంకొకరు రాశారు. ఒకసారి కోర్టుకు పోతే ఈ కేసులో బెయిలు అంత తొందరగా రాదని కూడా.

మా ఆయన ధర్మవరంలో తెలిసిన వకీలు ఉన్నాడని పరుగున బయల్దేరాడు. పోతూ పోతూ నాతో ఏమీ చేయొద్దన్నాడు. మధ్యాహ్నానికి బసవరాజు ఎవరికో ఫోన్ చేసి సంగతి కనుక్కుని నా దగ్గరికి వచ్చాడు. మొహంలో కాస్త రక్తం తిరిగొచ్చింది.

"మన పేరు రాలేదత్తా. హిందూపురం సంతలో ఎవురో బండోని దగ్గర కొన్న్యా అని చెప్పినాడంట."

"ఎందుకట్ల చెప్పినాడు?"

"ఏమో. మంచోడు. మన పేరైతే రాలేదు గదా."

"రేపు జైలుకు పోతాడు రా."

"అది కోర్టు చూసుకుంటాది. మన పేరు రాలేదు గదా" అని మళ్లీ అదే అంటూ మేడ మీదికి పరుగెత్తాడు.

వెంటపడి వెళ్లాను. తలుపు బార్లా తెరిచి ఉంది. పైపుల మీద మొక్కలన్నీ నా భుజాల దాకా పెరిగి, ఊదా వెలుతురులో నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్కటి కూడా పీకలేదు. పైగా మొదళ్లు బలంగా, కణుపులు దగ్గరగా, నేను చెప్పిన పాఠాలన్నీ ఒంటబట్టించుకుని పెరిగాయి. అతను వాటిని విరిచి సంచిలో కుక్కడం మొదలుపెట్టాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చందన. స్కూలు బ్యాగు ఇంకా భుజానే ఉంది. గడప దగ్గర నిలబడి లోపలికి చూసింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆ అవసరం లేకపోయింది. రోజూ ఆ పోస్టరు పక్కనుంచే పిల్లలను లైను కట్టించి లోపలికి పంపే మనిషి.

"స్కూల్లో అందరూ ఆ ఫోటోనే చూస్తాండారు" అంది. "రామాంజనేయులన్న యాడుండాడు?"

"స్టేషన్లో. రేపు కోర్టంట."

"చందూ, మనం కడుపులో పెట్టుకుంటే సరిపోతాది. నీకోసరమే గదా నేను..." అని బసవరాజు సంచి వదలకుండానే అన్నాడు.

చందన అతని వైపు చూసి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. తలుపు దగ్గరికి వేసింది. గొళ్లెం పెట్టి, పక్కన కొక్కానికి చెవితో సహా వేలాడుతున్న తాళం తీసి వేసింది. లోపలినుంచి అతను తలుపు బాదాడు, పేరు పెట్టి పిలిచాడు. ఆమె తాళంచెవి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"స్టేషనుకు పోమ్మా. హిందూపురం బస్సు ఇప్పుడొస్తాది. నేను ఈడ కూచుంటా."

"నీ సంసారం?"

"బస్సు పోతాదమ్మా" అంది. మెట్టు మీద కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

గేటు దగ్గర మా అత్త ఎక్కడికే అని అడిగింది. హిందూపురంలో పనుందని చెప్పి తల తిప్పుకున్నాను. హిందూపురంలో బస్సు మారి, సోమందేపల్లి స్టేషను ముందు దిగేదాకా తాళంచెవి గుప్పిట్లోనే ఉంది. చెమటకు తడిసి జారుతుంటే కొంగుతో తుడిచి మళ్లీ పట్టుకున్నాను.

రామాంజనేయులు లోపల గోడ పక్క నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందర అన్నం పొట్లం విప్పకుండా ఉంది. నన్ను చూడగానే కళ్లు పెద్దవి చేసి, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అతను ఎందుకలా ఊపాడో నాకు అర్థం కాలేదు. ఎస్సై ముందు నిలబడి తాళంచెవి బల్ల మీద పెట్టాను.

"సార్, ఆ మొక్కలు మా ఇంటివి. మా అల్లుడు పెట్టినాడు. ఈ మనిషికి అవి బంతి మొక్కలని మేమిచ్చినాము. మొదలు మా మేడ మీద ఉండాది, ఆయప్పా ఆడే ఉండాడు. ఇదే చెవి."

ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలీదు, మూల రాసుకుంటున్న కానిస్టేబులు కూడా తలెత్తి చూశాడు. ఎస్సై మొదటినుంచి మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. వైరస్ అని చెప్పి పీకిన సంగతి కూడా దాచలేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు తాళంచెవి తీసుకుని జీపులో పరిగికి వెళ్లారు. నా మాటలు రాసుకున్నారు, రామాంజనేయులి ఫోనులో ఫోటోలు, గ్రూపు మెసేజీలు చూశారు. ఇల్లు చూసినవాళ్ల కబురు రాగానే రామాంజనేయులి చేత సంతకం పెట్టించుకుని, పిలిస్తే రావాలని చెప్పి పంపించేశారు. నన్ను మా ఆయన వచ్చేదాకా బయట బెంచీ మీద ఉండమన్నారు.

అతను బయటికి వచ్చి నేరుగా వెళ్లిపోతాడనుకున్నాను. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను చేతులు జోడించాను. ఏడుపు ఆగలేదు.

"ఆ పొద్దు పెరుకుతాన్నప్పుడే ఒక మాట చెప్పింటే అయిపోయేది గదక్కా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "మా ఇంటిదాన్ని అడిగి గట్టు మీదవి నేనే పెరికేసుందును. ఇంత దూరం వచ్చేది గాదు."

"నువ్వెందుకప్పా మా పేరు చెప్పలేదు?"

"గంజాయని వీళ్లు చెప్పినాకనే తెలిసె. సందుల్లో పెట్టినవి, గట్టు మీదవి అన్నీ అవ్వ ఇచ్చినవే గదా. పాపం, కండ్లు కనపడక ఏదో ఇచ్చిందనుకుంటి. పేరు చెప్తే ముసలామెను జీపెక్కిస్తారని భయమాయె. అల్లుడని తెలిసుంటే పొద్దున్నే చెప్పేసుందును."

ఇంట్లో మేం ఇంతమందిమి ఒకరినొకరు కాపాడుకోవడానికి ఇతన్ని బలి పెట్టబోయాం. ఇతను మా ఇంటి మనిషిని కాపాడటానికి జైలుకు పోవడానికి కూర్చున్నాడు.

రామాంజనేయులు లేచి తువ్వాలు దులుపుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"అవ్వకు ఏమీ తెల్దు గదా?"

"తెల్దు."

"చెప్పొద్దక్కా. ఆమె మనసు పెట్టి ఇచ్చింది. తన చేత్తో ఇచ్చిన మొక్క ఇంత పని చేసినాదని తెలిస్తే మళ్లా అన్నం తినదు."

సరేనని తలూపాను. జీపు మా ఇంటికి చేరి అప్పటికి గంట దాటింది. మా ఇంటికి ఎవరు వచ్చినా, గేటు దగ్గర లేచి ముందుగా పలకరించేది ఆమే.